జబ్బుకి జబ్బు చేస్తే

"జబ్బు" అన్న మాటలో ఒక చిన్న మోసం ఉంది. ఎవరికి జబ్బు, ఎవరి వైపు నుంచి జబ్బు అని మనం అడగం. జబ్బంటే చెడ్డదే, పోవాల్సిందే అనుకుంటాం. మనుషుల గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ దీనివల్ల పెద్ద ఇబ్బందేమీ రాదు. కాస్త పక్కకి జరిగి, బూజులకీ పుట్టగొడుగులకీ పట్టే వైరస్‌ల గురించి చదవడం మొదలుపెడితే మాత్రం ఆ మాట మీద నమ్మకం సడలిపోతుంది.

అవును, బూజుకి కూడా వైరస్ పడుతుంది. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాలో తెల్లగా, గుండ్రంగా కూర్చుని ఉండే బటన్ మష్రూమ్స్ ఉన్నాయే, 1948లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక కుటుంబం పెంచుతున్న చోట అవి వింతగా పెరగడం మొదలైంది. కాడలు సాగిపోయాయి, గొడుగులు చిన్నవైపోయాయి, దిగుబడి పడిపోయింది. పాపం, ఆ కుటుంబం ఇంటిపేరే జబ్బుకి పేరుగా మిగిలిపోయింది: లా ఫ్రాన్స్ జబ్బు. 1962లో ఇంగ్లండ్‌లో హోలింగ్స్ అనే శాస్త్రవేత్త జబ్బుపడిన పుట్టగొడుగుల్లో వైరస్ కణాలు ఉన్నాయని చూపించాడు. శిలీంధ్రాలకి వైరస్‌లుంటాయన్న సంగతి సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది అక్కడినుంచే. పుట్టగొడుగులు పెంచేవాడి లెక్కలో ఇది శుద్ధ నష్టం. ఇక్కడ జబ్బు ఎవరికి అన్న ప్రశ్నే రాదు. పుట్టగొడుగు మనది, కాబట్టి దాని జబ్బు మన జబ్బు.

ఇప్పుడు ఇంకో చోటికి వెళ్దాం.

1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో పనిచేసే హెర్మన్ మెర్కెల్ అనే అతను అక్కడి చెస్ట్‌నట్ చెట్లు ఎండిపోవడం గమనించాడు. అమెరికన్ చెస్ట్‌నట్ అంటే మామూలు చెట్టు కాదు. అపలాచియన్ కొండల్లో బతికేవాళ్ళకి అది తిండి, పందులకి మేత, ఇంటి వాసం, రైలు పట్టాల కింద దుంగ, తోలు ఊనే సరుకు. పుట్టినప్పటి ఉయ్యాల నుంచి పోయినప్పటి పెట్టె దాకా ఆ చెక్కే. మనకి తాటిచెట్టు ఎలాగో వాళ్ళకి అది అలాగ. తూర్పు ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతో పాటు ఒక శిలీంధ్రం వచ్చింది. దాని పేరు క్రైఫోనెక్ట్రియా పారసైటికా. బెరడు మీద ఏ చిన్న గాయం దొరికినా లోపలికి దూరి, బెరడు కింద బతికున్న పొరని తింటూ కాండం చుట్టూ ఉంగరంలా తిరుగుతుంది. ఉంగరం పూర్తయిందా, ఆ పైనున్న చెట్టంతా చచ్చినట్టే. ఆసియా చెట్లు దానితో ఎప్పటినుంచో కాపురం చేస్తున్నాయి కాబట్టి తట్టుకున్నాయి. అమెరికా చెట్లకి అది కొత్త. యాభై ఏళ్ళలో దాదాపు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. ఎలాగూ చస్తాయి కదా, చెక్కైనా దక్కుతుందని బాగున్న చెట్లని కూడా నరికేశారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా కష్టంగా అనిపించే భాగం ఇది. శిలీంధ్రం వేర్లని చంపదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని అంత దూరం రానివ్వవు. కాబట్టి మొద్దు నుంచి మళ్ళీ చిగుళ్ళు వస్తాయి. నాలుగైదేళ్ళు, పదేళ్ళు పెరిగి, బెరడు కాస్త ముదిరి పగుళ్ళు తేలేసరికి మళ్ళీ అదే పుండు. మళ్ళీ పై భాగం చావు. మళ్ళీ చిగుళ్ళు. నూరేళ్ళుగా అదే తంతు. అడవిలో చెట్టుగా ఉండాల్సింది పొదలాగా బతుకుతోంది. చచ్చిందనలేం, బతికిందనీ అనలేం.

అదే శిలీంధ్రం 1938లో ఇటలీలో, జెనోవా దగ్గర బయటపడింది. ఇక యూరప్ చెస్ట్‌నట్ పని కూడా అయిపోయిందనుకున్నారు అందరూ. పన్నెండు, పదమూడేళ్ళు గడిచాక ఆంటోనియో బిరాగి అనే ఇటాలియన్ శాస్త్రవేత్త కొన్ని చెట్లని చూసి ఆశ్చర్యపోయాడు. పుండ్లు ఉన్నాయి, చెట్లు చావట్లేదు. పుండ్లు వాటంతటవే మానుతున్నాయి. చెట్టు గట్టిపడిందేమో అనుకోవడం సహజం. 1960లలో ఫ్రాన్స్‌లో జాన్ గ్రాంట్ ఆ మానుతున్న పుండ్లలోంచి శిలీంధ్రాన్ని తీసి పెంచి చూస్తే విషయం వేరేగా తేలింది. మామూలుగా నారింజ రంగులో ఉండాల్సిన శిలీంధ్రం తెల్లగా ఉంది. సిద్ధబీజాలు తక్కువ. బెరడులోకి లోతుగా చొరబడే శక్తి లేదు. పైపైనే తిరుగుతోంది. ఈ తెల్లదాన్ని తీసుకెళ్ళి, చెట్టుని చంపుతున్న నారింజ పుండు చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు చేసి పెడితే, నారింజది కూడా తెల్లబడి నీరసపడిపోతోంది.

గట్టిపడింది చెట్టు కాదు. జబ్బుపడింది జబ్బు.

అంటించుకుంటున్నదేమిటో తెలియడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. 1977లో అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్ళు తెల్ల శిలీంధ్రంలో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏని పట్టుకున్నారు. 1992లో చోయ్, నస్ అనే ఇద్దరు ఆ వైరస్ జన్యువుని డీఎన్‌ఏ రూపంలో తయారుచేసి, ఆరోగ్యంగా ఉన్న శిలీంధ్రంలో పెట్టి, నీరసం వచ్చేది దానివల్లేనని తేల్చేశారు. సుమారు 12,700 అక్షరాల పొడవున్న వైరస్ అది. దానికి పైన తొడుగు లేదు. మనం కోవిడ్ రోజుల్లో టీవీ తెర మీద చూసి చూసి విసిగిపోయిన ముళ్ళబంతి లాంటిదేదీ దీనికి లేదు. ఇది బయటికి రాదు. గాల్లో తేలదు, నీళ్ళలో ఈదదు. ఒక శిలీంధ్రపు పోగు ఇంకో శిలీంధ్రపు పోగుతో కలిసి, రెంటి లోపలి రసం ఒకటైనప్పుడు ఇటునుంచి అటు పోతుంది. లేదంటే కొన్ని సిద్ధబీజాలతో పాటు పిల్లలకి చేరుతుంది. దానికి "బయట" అనేదే లేదు. నాకు ఈ మాట దగ్గర చాలాసేపు ఆగాలనిపించింది.

ముల్లుని ముల్లుతోనే తీయాలి అని మనవాళ్ళ సామెత ఒకటుంది. ఈ కథ ఎవరికి చెప్పినా ఠక్కున ఆ సామెతే అంటారు. నాకు అది సరిపోదనిపిస్తుంది. ముల్లుతో ముల్లు తీశాక రెండింటినీ పారేస్తాం. ఇక్కడ రెండూ ఉంటాయి. పుండు మానిన చెట్టు బెరడులో శిలీంధ్రం బతికే ఉంటుంది, శిలీంధ్రంలో వైరస్ బతికే ఉంటుంది. ఉబ్బిపోయిన, మచ్చలు పడిన బెరడుతో చెట్టు కాయలు కాస్తుంది. ఎవరూ గెలవలేదు. ఒకరు బలహీనపడ్డారు, అంతే.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి.

తెనాలిలో ఉండేవాళ్ళు. పెదనాన్నది చెయ్యి ముందు, మాట తర్వాత. పెద్దమ్మ మీద చెయ్యి చేసుకోవడం ఆ ఇంట్లో కరెంటు పోవడం లాంటిది, అందరికీ తెలుసు, కాసేపటికి అన్నీ మామూలే. యాభై ఎనిమిదో ఏట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. మాట ముద్దగా మిగిలింది. ఆ తర్వాత ఆరేళ్ళు బతికారు. ఆ ఆరేళ్ళలో పెద్దమ్మ రంగు తేలింది. కూనిరాగాలు తీసేది. మధ్యాహ్నం పక్కింటివాళ్ళతో కూర్చుని సీరియల్ చూసేది. ఆయనకి జావ తాగించి, నూనె రాసి, కాళ్ళు పట్టి, అన్నీ చేసేది, విసుక్కోకుండా చేసేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామూలుగా అంది, "ఆయనకి పక్షవాతం వచ్చాకేనే నాకు మొగుడు దొరికింది."

మా అమ్మ కంగారుపడిపోయింది. "ఛ, అవేం మాటలక్కా" అంది.

"ఉన్నమాటేగా. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పవే," అంది పెద్దమ్మ నా వైపు తిరిగి.

నేనేం చెప్పగలను. ఆయన మారాడా అంటే నాకు తెలియదు. ముద్దమాటల్లో "తిన్నావా" అని అడిగేవారు, అది నిజం. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ అడగని మాట. అది పశ్చాత్తాపమా, భయమా, చేతకాక వచ్చిన మెత్తదనమా? ఒక మనిషి కొట్టలేకపోవడం వల్ల కొట్టకుండా ఉంటే దాన్ని మంచితనం అనగలమా? కాంట్‌ని అడిగితే ఒప్పుకోడు. చేయగలిగీ చేయకపోవడంలోనే నీతి ఉందంటాడు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా దాదాపు అదే అంటారు, కాకపోతే ఇంకోలా: "ఓపిక ఉడిగాక అందరూ సాధువులే."

కానీ ఈ ప్రశ్న ఎవరి వైపు నుంచి అడుగుతున్నాం? ఆయన మంచివాడయ్యాడా అన్నది ఆయన ఖాతా. ఆవిడ భయం లేకుండా నిద్రపోతోందా అన్నది ఆవిడ ఖాతా. ఈ రెండూ వేరు వేరు లెక్కలు. మన నీతిచర్చలు, మన నవలలు, సినిమాలు కూడా, ఎక్కువగా మొదటి ఖాతా చుట్టూనే తిరుగుతాయి. విలన్ మారాడా లేదా, లోపల కన్నీళ్ళు పెట్టుకున్నాడా లేదా. చెట్టు శిలీంధ్రాన్ని అలా అడగదు. నీ మనసు మారిందా అని అడగదు. దానికి కావాల్సింది ఉంగరం పూర్తి కాకపోవడం. ఆ మాటకొస్తే పెద్దమ్మ కూడా ఎప్పుడూ అడగలేదు.

ఈ పోలికని మాత్రం ఇంతకన్నా ముందుకి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. శిలీంధ్రానికి ఇంకో దారి లేదు, బెరడు తినకపోతే అది బతకదు. పెదనాన్నకి ఉంది. ఏ రోజైనా ఆపేసి ఉండొచ్చు. ఆయన ఆపలేదు, చుట్టూ ఉన్న అన్నదమ్ములూ, అత్తమామలూ, మేమూ ఎవరమూ ఆపలేదు. ఒక రక్తనాళం ఆపింది. పెద్దమ్మ మాట విని నొచ్చుకున్నవాళ్ళందరూ నొచ్చుకోవాల్సింది ఆ మాటకి కాదు. తనని కాపాడింది మనుషులు కాదు, జబ్బు అని ఆవిడ చెప్తున్నదానికి.

సరే, చెట్టు దగ్గరికి వద్దాం. యూరప్‌లో పనిచేసింది కదా అని 1970లలో ఆ వైరస్ ఉన్న శిలీంధ్రాన్ని అమెరికాకి తెచ్చారు. ఒక్కో పుండుకి పెడితే మానింది. కానీ చెట్టు నుంచి చెట్టుకి, అడవిలోకి దానంతట అది పాకలేదు. ఎందుకని?

కారణం శిలీంధ్రాల కులగోత్రాల్లో ఉంది. ఈ శిలీంధ్రంలో కనీసం ఆరు చోట్ల ఉండే జన్యువులు ఎవరితో కలవాలో, ఎవరితో కలవకూడదో తేలుస్తాయి. ఆరింటికి ఆరూ కలిస్తే రెండు శిలీంధ్రాలు ఒకటైపోతాయి, లోపలి సరుకంతా పంచుకుంటాయి, వైరస్‌తో సహా. ఒక్కటి కలవకపోయినా తగిలిన చోట కణాలు చచ్చిపోతాయి. మధ్యలో ఒక గీత ఏర్పడుతుంది. జాతకాలు చూసే పంతులుగారు గుర్తొస్తే నా తప్పు కాదు. ఆ గీతని ఎప్పుడూ వైరస్ దాటదని కాదు, కానీ దాటడం కష్టం. తనని తాను మూసుకోవడమే శిలీంధ్రానికి వ్యాధి నిరోధం.

యూరప్‌లోని చాలా ప్రాంతాల్లో ఈ రకాలు కొన్నే. ఇంచుమించు అందరూ ఒకే గోత్రం. అందుకని వైరస్ హాయిగా పాకింది, చెట్లు బతికాయి. అమెరికాలో రకాలు చాలా ఎక్కువ. పక్కపక్క పుండ్లలోనే వేరు వేరు రకాలు. అందుకని వైరస్ ఆగిపోయింది, చెట్లు చచ్చాయి.

భిన్నత్వం మంచిది, ఒకేలా ఉండటం ప్రమాదం అని మనం ఒక తరంగా నేర్చుకున్నాం. నేనూ నమ్ముతాను. పొలంలో ఒకే వంగడం వేస్తే ఏమవుతుందో, ఒకే రకం మనుషుల చేతిలో పత్రికలుంటే ఏమవుతుందో మనకి తెలుసు. ప్రకృతిని దానికి సాక్షిగా పిలవడం కూడా మనకి అలవాటు: "చూడండి, అడవిలో ఎన్ని రకాలో!" ఇక్కడ పిలిస్తే సాక్షి అడ్డం తిరుగుతుంది. భిన్నత్వం శిలీంధ్రానికి మంచిదైంది, కాబట్టే చెట్టుకి చావైంది. మనుషుల మధ్య భిన్నత్వం ఎందుకు కావాలో చెప్పుకోవడానికి మనకి మన కారణాలు ఉండాలి. న్యాయం, గౌరవం, పక్కవాడికి చోటివ్వడం. అడవిని చూపించి తప్పించుకోలేం. అడవి ఎవరికి కావాల్సిన పాఠం వాళ్ళకి చెప్తుంది.

2016లో డొనాల్డ్ నస్ బృందం ఆ అడ్డుగోడలు కట్టే జన్యువుల్లో కొన్నింటిని పనిచేయకుండా చేసి, ఇంచుమించు ఎవరితోనైనా కలిసే శిలీంధ్రాన్ని తయారుచేసింది. వైరస్‌ని అందరికీ పంచిపెట్టే దాత అన్నమాట. అంటే ఇప్పుడు మనం ఒక జబ్బుని కావాలని పెంచి, దాన్ని ఆపే రక్షణని కావాలని తీసేసి, అడవిలో వదలొచ్చు. ఈ వాక్యాన్ని ఇలా రాస్తే ఒళ్ళు జలదరిస్తుంది. "చెస్ట్‌నట్ చెట్లకి మందు" అని రాస్తే జలదరించదు. రెండూ ఒకే పని.

నా వరకు నాకు గీత ఎక్కడుందంటే బాధ దగ్గర. 1950లో ఆస్ట్రేలియాలో కుందేళ్ళ బెడద తగ్గించడానికి మిక్సోమా వైరస్‌ని వదిలారు. కుందేళ్ళు కళ్ళు వాచి, గుడ్డివై, రోజుల తరబడి నరకపడి చచ్చాయి. 1952లో ఫ్రాన్స్‌లో ఒక డాక్టరు తన ఎస్టేట్‌లో రెండు కుందేళ్ళకి అదే వైరస్ ఎక్కించి వదిలాడు. గోడ కట్టిన ఎస్టేటే. అయినా అది యూరప్ అంతా పాకింది. కుందేలు నొప్పిపడుతుంది. బూజు నొప్పిపడుతుందని అనుకోవడానికి మనకి ఏ ఆధారమూ లేదు. కాబట్టి శిలీంధ్రం తరఫున నాకు బెంగ లేదు. ఆ డాక్టరు తరహా ధీమా అంటే మాత్రం ఉంది. అది నా ఎస్టేట్, నా గోడ, నా వైరస్ అనుకునే ధీమా. చెస్ట్‌నట్ వైరస్‌కి బయటి బతుకు లేదు కాబట్టి అది కుందేళ్ళ వైరస్‌లా పరిగెత్తలేదు. ఇంతవరకూ నయం. ఆ నయం కూడా మన తెలివి వల్ల వచ్చింది కాదు, దాని స్వభావం వల్ల వచ్చింది. ఈ తేడా గుర్తుంచుకునేవాళ్ళ చేతిలో ఉంటే వదలమనే అంటాను.

ఇక "జబ్బు" అన్న మాటకే ఎసరు పెట్టే సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో వేడినీటి ఊటల పక్కన ఒక గడ్డి పెరుగుతుంది. నేల కాలిపోతున్నా బతుకుతుంది. గడ్డిలో ఒక శిలీంధ్రం కాపురముంటుంది కాబట్టి అది సాధ్యమైందనుకున్నారు. 2007లో ఇంకో పొర బయటపడింది. ఆ శిలీంధ్రంలో ఒక వైరస్ ఉంది. వైరస్‌ని తీసేస్తే శిలీంధ్రం ఉన్నా గడ్డి ఆ వేడి తట్టుకోలేదు. మళ్ళీ పెడితే తట్టుకుంటుంది. ముగ్గురూ ఉంటేనే ముగ్గురికీ బతుకు. ఇందులో రోగి ఎవరు?

చైనాలో ఆవ జాతి పంటని కుళ్ళబెట్టే స్క్లెరోటీనియా శిలీంధ్రంలో 2010లో ఒక డీఎన్‌ఏ వైరస్ దొరికింది. అది సోకితే శిలీంధ్రం నీరసపడటమే కాదు, మొక్కని కుళ్ళబెట్టడం మానేసి దాని లోపలే చప్పుడు చేయకుండా ఉండిపోతుందని, పైగా మొక్కకి మేలు చేస్తుందని 2020లో చూపించారు. హంతకుడు అద్దెకి దిగి, ఇంటికి కాపలా కూడా కాస్తున్నట్టు. ఇదంతా చదివి వైరస్‌లన్నీ శాంతిదూతలు అనుకోబోయేంతలో ఇంకోటి ఎదురొస్తుంది. మనుషుల ఊపిరితిత్తుల్ని పట్టే ఆస్పర్‌జిలస్‌లో ఒక వైరస్ ఉంటే శిలీంధ్రం ఇంకా గట్టిగా నిలబడుతోందని, వైరస్‌ని తీసేస్తే ఎలుకల్లో దాని ఉధృతి తగ్గుతోందని ఈ మధ్య తేలింది. 2021లో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే వణికిన మనకి ఇది మరీ నచ్చే కబురు కాదు. అది వేరే శిలీంధ్రమే అనుకోండి. నా పాయింట్ ఏమిటంటే, వైరస్ ఇటు మంచిదీ కాదు, అటు చెడ్డదీ కాదు, ఒక సంబంధం లోపల అదొక మూడో మనిషి. ఆ సంబంధం ఎటు మొగ్గుతుందన్నది ఎవరి ఇంట్లో అన్నదాన్ని బట్టి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వెస్ట్ సేలం అనే ఊరి దగ్గర ఒక చెస్ట్‌నట్ తోపు ఉంది. ఎవరో వలస వచ్చినవాళ్ళు నాటిన కొద్ది చెట్ల నుంచి వేల చెట్లయ్యాయి. ఆ చెట్ల సొంత ప్రాంతానికి దూరంగా ఉండటం వల్ల చాలా కాలం జబ్బు అక్కడికి చేరలేదు. 1987లో చేరింది. 1992లో వైరస్‌ని తెచ్చి పుండ్లకి పెట్టడం మొదలుపెట్టారు. మొదట్లో అక్కడున్నది ఒకే రకం శిలీంధ్రం కాబట్టి ఆశ ఉండేది. తర్వాత వేరే రకాలు కూడా వచ్చాయి. చాలా చెట్లు పోయాయి, కొన్ని నిలిచాయి. వైరస్ పెట్టిన ఇలాంటి తోపుల్లో ఒకే చెట్టుకి ఒక పుండు మానుతూ ఉంటుంది, దానికి కాస్త పైన, ఇంకో రకం శిలీంధ్రం పట్టిన పుండు కొమ్మ చుట్టూ తిరుగుతూ ఉంటుంది.